డాలస్‌లో క్రిస్మస్ ఫుడ్ ట్రక్ ఫెస్టివల్: గేటు బయటే పులిహోర

డాలస్ చుట్టుపక్కల డిసెంబర్‌లో టికెట్ పెట్టి నడిపే క్రిస్మస్ ఫుడ్ ట్రక్ ఫెస్టివల్స్‌కి కుటుంబంతో వెళ్దామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూడండి. పెద్దవాళ్లం నలుగురం, తలకి 18 డాలర్లు, 72. పిల్లలిద్దరికి 12 చొప్పున 24. ఒక్కో టికెట్ మీద 2.75 కన్వీనియన్స్ ఫీజు, ఆరింటికి 16.50. ఎవరి కన్వీనియన్సో నాకైతే తెలియలేదు. పార్కింగ్ 20. మొత్తం 132 డాలర్ల 50 సెంట్లు. ఇందులో తిండి లేదు. కనీసం మంచినీళ్లు కూడా లేవు. ఇది తిండి అమ్మే చోటికి లోపలికి రానిచ్చినందుకు కట్టిన డబ్బు.

మేముండేది హ్యూస్టన్‌లో. అమలాపురం నుంచి అత్తయ్య, మావయ్య వచ్చారు, పిల్లలకి సెలవులు, ఇక్కడి క్రిస్మస్ సందడి చూపిద్దామని ఐ-45 హైవే మీద బయల్దేరాం. దాదాపు 240 మైళ్లు. దారిలో బకీస్ అనే పెట్రోల్ బంకులో ఆగాం, బాత్రూములు ఎప్పటిలాగే తళతళలాడుతున్నాయి. ప్రయాణం గురించి అంతకంటే చెప్పడానికేం లేదు.

ఫెస్టివల్ పోస్టర్ మాత్రం అద్భుతంగా ఉంది. 25కి పైగా ట్రక్కులు, మంచు కురవడం, శాంటాతో ఫోటో, పాటలు. పార్కింగ్ అని చూపించింది ఓ పచ్చిక మైదానం. ముందురోజు వాన పడినట్టుంది, చెప్పులకి బురద అంటుకుంటోంది. అక్కడి నుంచి గేటుకి పావుగంట నడక. మావయ్యకి మోకాళ్ల నొప్పులు. దింపి వెళ్లడానికి గేటు దగ్గర చోటుందా అని మా ఆయన అడిగితే, వీఐపీ టికెట్ ఉన్నవాళ్లకే అన్నారు.

గేటు దగ్గర బ్యాగులు వెతుకుతున్నారు. అత్తయ్య చేతిసంచిలో స్టీలు డబ్బా, అందులో పులిహోర. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు, బయట ఏం దొరుకుతుందో ఏమో అని తెల్లవారుజామునే లేచి కలిపారు. మావయ్యకి షుగర్, టైముకి ఏదో ఒకటి కడుపులో పడాలి. సెక్యూరిటీ కుర్రాడు డబ్బా మూత తీసి చూసి, బయటి తిండి లోపలికి తేకూడదు, అదిగో ఆ డ్రమ్ములో వేసేయండి అన్నాడు. షుగర్ పేషెంట్ అని చెప్పాను. మందులైతే తీసుకెళ్లొచ్చు, ఇది మందు కాదుగా అన్నాడు. పై అధికారిని పిలవమన్నాను. ఓ అమ్మాయి తలకి జింక కొమ్ములు పెట్టుకుని వచ్చి, అదే మాట ఇంకాస్త నవ్వుతూ చెప్పింది. లేదంటే కారులో పెట్టి రమ్మంది. ఆ బురదలో మళ్లీ పావుగంట అటు, పావుగంట ఇటు.

"పారెయ్యమంటున్నాడా? పులిహోరనా?" అన్నారు అత్తయ్య. గొంతు పెంచలేదు. డబ్బా వెనక్కి లాక్కుని, కంచె పక్కకి వెళ్లి, మూతలో వేసి అందరికీ పంచడం మొదలుపెట్టారు. ఆరుగురం ఎర్రటోపీల జనం మధ్య నిలబడి చేత్తో పులిహోర తిన్నాం. పెద్దది తలెత్తితే ఒట్టు, బడిలో పిల్లలెవరైనా చూస్తారేమోనని దాని బాధ, హ్యూస్టన్ పిల్లలు డాలస్‌లో ఎందుకుంటారే అంటే వినదు. చిన్నాడు రెండోసారి పెట్టించుకున్నాడు. డబ్బా ఖాళీ చేసి చూపించి లోపలికి వెళ్లాం. ఫుడ్ ఫెస్టివల్‌కి ఇంత నిండు కడుపుతో వెళ్లినవాళ్లు మేమే అయ్యుంటాం.

లోపల మావయ్య మొదట చేసిన పని ట్రక్కులు లెక్కపెట్టడం. రిటైరైన లెక్కల మాస్టారు, పోస్టర్ మీద అంకె చూశాక ఊరుకోలేరు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చి, "పదకొండమ్మా. అందులో రెండు మూసున్నాయి" అన్నారు. తొమ్మిది ట్రక్కులకి ఆ జనం అంటే క్యూలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. బ్రిస్కెట్ అనే గొడ్డుమాంసం పెట్టిన గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ కోసం మా ఆయన నలభై నిమిషాలు నిలబడ్డాడు. ధర 17, పైన 8.25 శాతం పన్ను. చెల్లించే స్క్రీన్ మీద టిప్పు 20 శాతం నుంచి మొదలైంది. ట్రక్కుల వెనక జనరేటర్ల మోత, పొగ, వాటికెదురుగానే బల్లలు వేశారు. నూనెలో వేయించే ఫనల్ కేక్ 12, అంచులు మాడి, మధ్యలో పచ్చి. హాట్ చాక్లెట్ 8, బొమ్మ ఉన్న కప్పులో కావాలంటే 14. నీళ్ల సీసా 4. మన సీసా గేటు దగ్గరే పారబోయించారు కాబట్టి ఆ నాలుగూ తప్పవు.

మంచు సంగతి. ఆ సాయంత్రం 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన ఇరవై సెల్సియస్. డిసెంబర్‌లో డాలస్‌కి అది పెద్ద వింతేం కాదు. కాబట్టి నిజం మంచు ఎవరూ ఆశించలేదు, కానీ గంటకోసారి ఐదు నిమిషాలు సబ్బు నురగ ఊదే మిషన్‌ని మంచు కురవడం అని పోస్టర్ మీద వేయడం ఏమిటి? చిన్నాడి కళ్లలో పడి మండి ఏడుపు. శాంటా దగ్గరికి వెళ్తే, స్లాట్లు ఫోన్‌లో ముందే బుక్ చేసుకోవాలట, ఫోటో 25, ఆ రోజుకి అన్నీ నిండిపోయాయి. తాడు అవతల నిలబడి వాడు చెయ్యి ఊపాడు. శాంటా పాపం తిరిగి ఊపాడు. ఆయన మీద నాకేం ఫిర్యాదు లేదు.

ఇంతటితో ఇంటికెళ్లిపోయి ఉంటే ఇది ఒట్టి తిట్ల పురాణమయ్యేది. వరస చివర, దీపాల గేటుకి దూరంగా ఓ పాత ట్రక్కు ఉంది. అట్టముక్క మీద చేత్తో రాసిన బోర్డు, లోపల ఓ మెక్సికన్ పెద్దావిడ, డబ్బులు తీసుకుంటూ మనవడు. అమ్మేది టమాలీలు ఒక్కటే. టెక్సస్‌లో క్రిస్మస్ అంటే మెక్సికన్ ఇళ్లలో టమాలీలు ఉండాల్సిందే, ఇంటిల్లిపాదీ కూర్చుని డజన్ల లెక్కన చుడతారు. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన పిండి, మధ్యలో మాంసమో చీజో పెట్టి, ఎండిన మొక్కజొన్న పొత్తు రేకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు.

ఒకటి విప్పి చూపించగానే అత్తయ్య మొహం మారిపోయింది. "ఇవి మన పొట్టిక్కల్లాంటివే కదే!" కోనసీమలో పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఉడికించే ఆవిడకి ఆ వాసన ఎలా అనిపించి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. చీజ్ టమాలీ అన్నంత మాత్రాన తినేయకండి. పిండిలోనే పంది కొవ్వు కలపడం మామూలు. లోపలేముంది అని కాదు, పిండి దేనితో కలిపారు అని అడగాలి. స్పానిష్‌లో 'మాంతెకా' (పంది కొవ్వు) అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది. ఆ పెద్దావిడ చిన్నబుచ్చుకోలేదు. పచ్చిమిర్చి, చీజ్ పెట్టినవి నూనెతో కలిపానని, వాటి గిన్నె కూడా వేరని మనవడి చేత చెప్పించి, మూత ఎత్తి చూపించింది. అరడజను 12, డజను 22. డజను తీసుకున్నాం. మాంసం తినే మా ఆయనకి ఎర్ర మిరపకాయల్లో ఉడికించిన పోర్క్‌వి ఇంకో అరడజను. చాంపురాడో అని వేడివేడిగా ఒక కప్పు 5 డాలర్లు. పాలు, చాక్లెట్, దాల్చినచెక్క, చిక్కదనానికి అదే మొక్కజొన్న పిండి, తీపికి వాళ్ల బెల్లం. మావయ్యకి రెండు గుక్కలు మాత్రమే ఇచ్చాం, మూడోది ఆయనే లాక్కున్నారు.

జనం తగ్గాక మనవడు మాటల్లో పడ్డాడు. ట్రక్కు నిలిపినందుకు వాళ్లు కూడా నిర్వాహకులకి కట్టాలట, రోజుకింత అని, అమ్మకంలో కొంత శాతం అని. మా టికెట్ డబ్బుల్లో వాళ్లకి పైసా రాదు. శాండ్‌విచ్ 17 ఎందుకైందో అప్పుడర్థమైంది. మామూలు రోజుల్లో ఓ పెట్రోల్ బంకు పక్కన నిలుపుతారట, అక్కడ ఇవే డజను 18.

హోటల్ ఇర్వింగ్‌లో, విమానాశ్రయానికి దగ్గర. సైట్‌లో ఒక గది 119 అని చూపించింది, దాని మీద రాష్ట్రం పన్ను 6 శాతం, ఊరి పన్ను వేరే. పడకలు బావున్నాయి, టెక్సస్ మ్యాపు ఆకారంలో వాఫుల్ పోసే మిషన్ ఉంది, పిల్లలకి అదే పెద్ద ఆకర్షణ. ఉదయం రిసెప్షన్‌లో అడగకుండానే కొత్త టవళ్లు ఇచ్చారు. ఇంక చాలు.

మరుసటి రోజు సాయంత్రం డాలస్ పక్కనే ఉన్న అడిసన్‌లో విట్రూవియన్ పార్కుకి వెళ్లాం. కాండం నుంచి చిటారుకొమ్మ దాకా దీపాలు చుట్టిన చెట్లు, వాటి నీడలు నీళ్లలో. టికెట్ లేదు. సంచి వెతికేవాళ్లు లేరు. అత్తయ్య బెంచీ మీద కూర్చుని, పొద్దున హోటల్ మైక్రోవేవ్‌లో వేడిచేసి కట్టుకొచ్చిన టమాలీలు బయటికి తీశారు. గేటు లేని చోట తిండి తినడంలో ఆవిడకి ఏదో కసి తీరినట్టుంది. గ్రేప్‌వైన్‌లో మెయిన్ స్ట్రీట్ కూడా ఊరికే చూడొచ్చు. టెక్సస్‌కి క్రిస్మస్ రాజధాని అని చెప్పుకునే ఊరు, బోర్డులకీ కిటికీలకీ ఆ పట్టుదల కనిపిస్తుంది. అక్కడి నార్త్ పోల్ ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్లు మాత్రం చాలా ముందే అయిపోతాయి, పిల్లలకి చెప్పకముందే చూసుకోండి.

తిరుగుదారిలో కార్సికానాలో కాలిన్ స్ట్రీట్ బేకరీ దగ్గర ఆగాం. 1896 నుంచి ఉంది, ఇక్కడి ఫ్రూట్ కేక్ పోస్టులో దేశదేశాలకి వెళ్తుంది. పైన పీకాన్ పప్పులు పరిచిన ఈ కేక్ ఎండిపోయిన రాయిలా ఉంటుందనుకున్నా, మెత్తగా, జిగురుగా బావుంది. గుడ్డు ఉంది కాబట్టి అత్తయ్య ముట్టలేదు. మావయ్యకి పప్పులు ఏరి ఇచ్చాం. ఫెస్టివల్‌కి పెట్టిన డబ్బులో సగంతో బంధువులందరికీ కేకులు కొనొచ్చు అని ఆయన మళ్లీ లెక్క మొదలుపెట్టారు.

టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతూ పోస్టర్ ఫోటోతో సహా మెయిల్ పెట్టాను. ట్రక్కుల సంఖ్య మారవచ్చు అని టికెట్ షరతుల్లో ఉందని జవాబొచ్చింది. అడుగున, వచ్చే ఏడాది టికెట్ ఇప్పుడే కొంటే 10 శాతం తగ్గింపట.

హ్యూస్టన్ వచ్చిన వారానికే అత్తయ్య మెక్సికన్ కిరాణా కొట్టుకి తీసుకెళ్లమన్నారు. పొత్తు రేకులు, సున్నపు నీళ్లలో ఉడికించి దంచిన పిండి, రెండూ అక్కడ ప్యాకెట్లలో దొరుకుతాయి. నువ్వుల నూనెతో కలిపి, లోపల పచ్చిమిర్చి కొబ్బరి పెట్టి, ఇడ్లీ పాత్రలో ఉడికించారు. మొదటి వాయి విరిగిపోయింది, రెండోది బాగా కుదిరింది, అల్లం పచ్చడితో తిన్నాం. డజనుకి 3 డాలర్లు కూడా పడలేదని మావయ్య కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు.