పసిబిడ్డకు ఏది మేలు: పాత పంచె గుడ్డలా, క్లాత్ డైపర్లా, ప్యాకెట్ డైపర్లా?

"అక్కా, కార్తీకంలో డేటిచ్చారు, బిడ్డకి ఏమేం సిద్ధం చేసుకోవాలి?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. మా చెల్లెలికీ అదే నెల కాబట్టి ఇంట్లో కూడా ఇదే చర్చ నడుస్తోంది. చొక్కాలు, టోపీలు, దోమతెర ఎవరో ఒకరు తెచ్చిస్తారు, వాటికి టెన్షన్ లేదు. ఎవరూ తేల్చుకోలేనిది ఒక్కటే: పాత పంచెలు చించి గుడ్డలు చేసుకోవాలా, లోపల ఇన్సర్ట్ (తడి పీల్చే పొరల గుడ్డ) పెట్టే క్లాత్ డైపర్లు కొనాలా, లేక ప్యాకెట్ డైపర్లతో గడిపేయాలా.

డబ్బు లెక్క అందరికీ తెలిసిందే. ప్యాకెట్ డైపరు ఒక్కోటి పది రూపాయలనుకుని రోజుకు ఎనిమిది వాడితే నెలకు 2,400 అవుతుంది. క్లాత్ డైపరు ఒక్కోటి నాలుగు వందలు వేసుకున్నా డజను కొంటే ముందే 4,800 పెట్టాలి, కాకపోతే చాలా నెలలు వస్తాయి. పాత పంచెకు ఖర్చే లేదు. మా అమ్మ అయితే "ఏందిమే, ఇంట్లో ఇన్ని పంచెలు పెట్టుకోని గుడ్డముక్కకి నాలుగొందలా?" అని ఒక్క మాటలో తేల్చేసింది. పైగా పురుడు పోసేదాకా బిడ్డకు కొత్త గుడ్డ తొడగని ఇళ్ళు మనవైపు ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి పెద్దవాళ్ళతో పేచీ కూడా ఉండదు.

కానీ నా దృష్టిలో అసలు తేల్చేది డబ్బు కాదు, ఆరడం. రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మన నెల్లూరు, ఒంగోలు కోస్తాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, తుపాన్లూ అప్పుడే. ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ కనపడదు, వసారాలో దండెం మీద వేసిన చీర పొద్దున వేస్తే సాయంత్రానికీ తడిగానే ఉంటుంది. అదే రోజుల్లో ఇంట్లో పసిబిడ్డ. మొదటి వారం దాటాక పాలు సరిగ్గా అందుతున్న బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తుంది, చాలామంది పిల్లలు పది దాటిస్తారు, పాలు తాగిన ప్రతిసారీ దొడ్డికి వెళ్ళే పిల్లలూ ఉంటారు. అంటే రోజుకు పదిహేను ఇరవై గుడ్డలు ఉతికి మర్నాటికి ఆరబెట్టాలి. బజార్లో అమ్మేవాళ్ళెవరూ ఈ సంగతి చెప్పరు.

ఇక్కడే క్లాత్ డైపర్లు దెబ్బతింటాయి. పైకవరు ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ కాబట్టి తొందరగానే ఆరుతుంది, తంటా అంతా లోపలి ఇన్సర్ట్‌తోనే. అది మూడు నాలుగు పొరలు కలిపి కుట్టింది. ముసురులో దాన్ని పట్టుకుంటే అంచులు పొడిగా తగులుతాయి, ఆరిందనుకుంటాం, మధ్యలో నొక్కి చెంపకు ఆనించి చూస్తే చల్లగా ఉంటుంది. అలా అరతడిగా ఉన్నది పెడితే ముక్కవాసన వస్తుంది, బిడ్డకు ఒరుపు వస్తుంది. పంచె గుడ్డ ఒంటిపొర. గట్టిగా పిండి ఫ్యాను కింద విడివిడిగా వేస్తే ముసురులో కూడా పూట తిరక్కుండా ఆరిపోతుంది, తప్పదనుకుంటే ఇస్త్రీ పెట్టెతో నిమిషంలో పని అయిపోతుంది. అందుకే చలికాలం ముందు పుట్టే బిడ్డకు మొదటి మూడు నెలలూ పాత పంచె గుడ్డలే మేలని నేను గట్టిగా చెబుతాను.

ఎట్టా చేసుకోవాలంటే, మామూలు నాలుగు గజాల పంచె 144 అంగుళాల పొడవు, సుమారు 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు వైపులా అంగుళం చొప్పున అంచు తీసేస్తే 24 అంగుళాల చదరం గుడ్డలు పన్నెండు వస్తాయి. మూడు పంచెలకు ముప్పై ఆరు. రెండు రోజుల గుడ్డలు చేతిలో ఉన్నట్టే, ముసురుకు ఇంకో పంచె అదనంగా చించుకుంటే నిశ్చింత. అంచు ఎందుకు తీయాలంటే జరీ గీసుకుంటుంది, మామూలు అంచైనా దళసరిగా ఉండి ఆలస్యంగా ఆరుతుంది. కత్తెరతో చిన్న గాటు పెట్టి చేత్తో చింపితే నూలు వెంటే నేరుగా వస్తుంది. తర్వాత మాత్రం ఓపిగ్గా కూర్చోవాలి. అంచున వేలాడే పోగులన్నీ కత్తిరించి, చుట్టూ సన్నగా ఒక్క వరస కుట్టు వేయాలి, మడత పెట్టి లావుగా కుట్టొద్దు. పోగు వదిలేస్తే అది పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుసుకుపోతుంది, రక్తం ఆడక వేలు వాచి నల్లబడేదాకా పోవచ్చు. బిడ్డ ఎందుకేడుస్తుందో తెలీనప్పుడు కాలివేళ్ళు, చేతివేళ్ళు కూడా చూడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

పంచె నూలుదో కాదో అనుమానం ఉంటే ఒక పోగు తీసి కాల్చండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కలిసుంటే కరిగి గట్టి ఉండ కడుతుంది, అది తడి పీల్చదు, పక్కన పెట్టేయండి. కొత్త పంచె కన్నా పాతదే మేలు, ఎందుకంటే కొత్తదానికి మగ్గం దగ్గర పెట్టిన గంజి ఉంటుంది, నాలుగైదు ఉతుకులు పడితే గానీ నీళ్ళు పీల్చదు. కొత్త క్లాత్ డైపర్లనూ ఇట్టాగే ముందు కొన్నిసార్లు ఉతికి వాడాలి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. తాతల కాలం పంచెలు ఎక్కువగా ట్రంకుపెట్టెలోనో బీరువా అడుగునో కలరా ఉండల మధ్య ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలు కొందరుంటారు, పుట్టగానే చూసి చెప్పలేం. అలాంటి బిడ్డకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. పసికందుకు కామెర్లు ముదరడమంటే చిన్న విషయం కాదు, మెదడుకే ముప్పు. కాబట్టి ఏడో నెలలోనే పంచెలు బయటికి తీసి, ఉతికి, ఎండ ఉన్న రోజులన్నీ ఎండలో వేయండి. అప్పటికీ వాసన పోకపోతే ఆ పంచెను బిడ్డ దాకా రానివ్వొద్దు. ఉతికిన గుడ్డల మధ్య కలరా ఉండలు మళ్ళీ వేయొద్దు, మూత గట్టిగా పడే డబ్బా చాలు.

వాడేటప్పుడు ముక్కోణంగా మడిచి గోచీలా పెట్టి మొలతాడులో దోపడమే, పిన్నీసు వద్దు. బొడ్డు ఊడేదాకా గుడ్డ బొడ్డు కిందికి ఉండేట్టు మడవండి, అది ఎంత పొడిగా ఉంటే అంత త్వరగా ఊడుతుంది. ఉతికాక ఆఖరి నీళ్ళలో డెట్టాల్ కలిపి ఆరేసే అలవాటు మానండి, అది గుడ్డలో మిగిలి లేత చర్మాన్ని మండిస్తుంది. సబ్బు పోయేదాకా జాడించడం, దొరికిన రోజు ఎండ, ఈ రెండూ చాలు.

పంచె గుడ్డలకు లోపం లేదనను. ఒక్కసారి ఒంటికి పోస్తే పక్క కూడా తడుస్తుంది, రాత్రిళ్ళు బాలింతకు నిద్ర ఉండదు. అందుకే కింద వేసే బొంతల సంగతీ ముందే చూసుకోవాలి. మనవాళ్ళు ఆరేడు చీరలు వేసి కుట్టే బొంత మెత్తగా ఉంటుంది గానీ ముసురులో తడిస్తే రెండు రోజులైనా ఆరదు. రెండు పొరల పల్చటి బొంతలు ఐదారు కుట్టి, వాటి కింద రబ్బరు షీటు వేయడం మేలు. తలకింద ఆవాల దిండు మాత్రం కుట్టొద్దు, ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు.

మూడో నెల దాటి, సంక్రాంతి పోయి ఎండలు ముదిరాక క్లాత్ డైపర్లు కొనుక్కుంటానంటే కాదనను, అప్పటికి ఇన్సర్ట్ ఆరడం ఇబ్బంది కాదు. ప్యాకెట్ డైపర్లు టీకాలకు వెళ్ళేటప్పుడు, బస్సు ప్రయాణాలకు ఒక చిన్న ప్యాకెట్ ఉంటే సరిపోతుంది. మూడు నాలుగు గంటలకు మార్చండి, తీసినదాన్ని కాలవలో వేయకండి.

కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళ నుంచి అడిగినవాళ్ళకు మాత్రం నా జవాబు కొంచెం మారుతుంది. అక్కడ ఎండకు కొదవ లేదు, కొరత నీళ్ళకే, రోజుకు ఇరవై గుడ్డలు ఉతకాలంటే ట్యాంకరు నీళ్ళు చాలవు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాక తెట్టులా గుడ్డకే అంటుకుని, నాలుగు వారాలకే గుడ్డ గరుకెక్కి తడి పీల్చడం మానేస్తుంది. మీరు పగలు పంచె గుడ్డలు, రాత్రికి ఒకటో రెండో ప్యాకెట్ డైపర్లు అనుకుంటే ఉతుకు బాగా తగ్గుతుంది. వానపడ్డప్పుడు పట్టిన నీళ్ళుంటే ఆఖరి జాడింపుకు అవి వాడండి, గుడ్డ మళ్ళీ మెత్తబడుతుంది.