85 దాటిన పెద్దలకు ఇంటి ఓటా, బూత్ ఓటా? ఏది మేలు?

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజులు. ఇంట్లో కూర్చునే ఓటేయాలనుకునే పెద్దవాళ్ళు అందుకు దరఖాస్తుగా ఫారం 12డీ ఇవ్వడానికి ఉన్న గడువు అంతే. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో నోటిఫికేషన్ నవంబర్ 3న వచ్చింది, పోలింగు 30న జరిగింది. ఇంకా అభ్యర్థులెవరో పూర్తిగా తేలకముందే, ప్రచారం వేడెక్కకముందే, మన ఇంట్లో తొంభై ఏళ్ళ తాతగారు ఎక్కడ ఓటెయ్యాలో నిర్ణయం అయిపోవాలి. పోలింగు వారం ఉందనగా గుర్తొచ్చి, మన బూత్ ఓటరు జాబితా చూసుకునే అధికారి అయిన బీఎల్‌ఓకి ఫోన్ చేస్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే ఈ విషయం ఎన్నికలు లేనప్పుడే మాట్లాడుకోవాలని నా పట్టుదల.

ముందు అర్హత. బూత్‌కి రాకుండా పోస్టల్ బ్యాలెట్‌తో ఓటేసే 'గైర్హాజరు ఓటరు' అనే వర్గాన్ని 2019 అక్టోబరులో ఎన్నికల నిర్వహణ నియమాలను సవరించి తెచ్చారు. అప్పుడు వయసు 80గా పెట్టారు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, దాన్ని 85కి పెంచారు. వయసుతో పని లేకుండా 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు కూడా అర్హులే, సర్టిఫికెట్ కాపీ జత చేయాలి. మన దగ్గరైతే సదరం సర్టిఫికెట్ చాలామంది దగ్గర ఉంటుంది. ఇది అసెంబ్లీకి, లోక్‌సభకు సంబంధించిన పద్ధతి. జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, వాటి నియమాలు వేరు, రెండూ కలిపేసుకోవద్దు.

ఆ వయసు మార్పు వల్లే నాకు రెండు పద్ధతులనూ ఒకే మనిషి విషయంలో దగ్గరగా చూసే వీలు కలిగింది. మా మేనత్త ఉండేది నల్లకుంటలో. 2023 నవంబరులో ఆవిడకు 83, ఇంట్లోనే ఓటేశారు. ఆరు నెలలు తిరక్కుండా 2024 మే 13న లోక్‌సభ పోలింగు వచ్చేసరికి హద్దు 85 అయింది, ఆవిడ అర్హత పోయింది. బూత్‌కి వెళ్ళి వేయాల్సి వచ్చింది.

ఇంటి ఓటు ఎలా జరిగిందో చెబుతాను. ముందుగా ఫలానా రోజు వస్తామని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇద్దరు పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే కుర్రాడు, ఒక పోలీసు వచ్చారు. గుర్తింపు కార్డు చూశారు. డైనింగ్ టేబుల్ మీద అట్ట అడ్డం పెట్టి, మమ్మల్నందరినీ వంటింట్లోకి వెళ్ళమన్నారు. ఈవీఎం ఉండదు, కాగితం బ్యాలెటే. అత్తయ్య పెన్నుతో గుర్తు పెట్టి, మడిచి, చిన్న కవరులో పెట్టి అంటించారు. 13ఏ అనే డిక్లరేషన్ మీద సంతకం పెడితే వచ్చిన అధికారే దాన్ని ధ్రువీకరించారు. చిన్న కవరు, డిక్లరేషన్ రెండూ పెద్ద కవరులోకి వెళ్ళాయి, అదీ అంటించారు. వీడియో తీసే అబ్బాయి అట్ట వెనక్కి కెమెరా తిప్పలేదు, నేను గమనించాను. తీయకూడదు కూడా. పోయేముందు ఆ అధికారి "అమ్మా, మీ ఓటు అయిపోయింది, ముప్ఫయ్యో తారీఖున ఇక బూత్‌కి రానక్కర్లేదు" అని గట్టిగా, వినబడేలా చెప్పారు.

ఆ మాట చెప్పడానికి కారణం ఉంది. 12డీ ఆమోదం పొందగానే ఓటరు జాబితాలో ఆ పేరు ఎదురుగా 'పీబీ' అని గుర్తు పెడతారు. పోస్టల్ బ్యాలెట్ అని దానర్థం. ఆ తర్వాత మనసు మార్చుకుని పోలింగు రోజున బూత్‌కి వెళ్తే ఓటు ఇవ్వరు. ఇంటికి వచ్చినప్పుడు మనిషి లేకపోతే ఇంకొకసారి వస్తారు. అప్పుడూ లేకపోతే ఆ ఓటు పోయినట్టే, బూత్ దారి ముందే మూసుకుపోయింది కాబట్టి. హైదరాబాదులో ఎంతమంది పెద్దవాళ్ళు రెండు నెలలు కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర, రెండు నెలలు దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంటారో మనకు తెలుసు. అలాంటివాళ్ళు 12డీ ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఫారంలో రాసిన చిరునామాలో, ఓటున్న నియోజకవర్గంలో, ఆ వారమంతా ఉంటారా? అందులో ఇచ్చే మొబైల్ నంబరు ఎవరిది? పెద్దావిడ దగ్గరుండే చిన్న ఫోన్ నంబరు ఇచ్చి, దానికి వచ్చిన మెసేజ్ ఎవరూ చూడకపోతే సిబ్బంది వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. మెసేజులు చదివే మనిషి నంబరు ఇవ్వండి.

ఇక మే నెల. పోలింగు బూత్ ఇంటికి దగ్గరలోని స్కూల్లోనే. ఎండల వల్ల సమయాన్ని సాయంత్రం 6 దాకా పెంచారు గానీ మేం ఉదయమే బయల్దేరాం. ఆటో గేటు బయటే ఆగింది. ర్యాంప్ ఉంది, చక్రాల కుర్చీ ఉంది, దాన్ని తోయడానికి ఎన్‌సీసీ పిల్లవాడొకడు ఉన్నాడు. వరసలో నిలబెట్టకుండా నేరుగా లోపలికి పంపారు. బటన్ నొక్కాక వీవీప్యాట్ అద్దంలో తను వేసిన గుర్తు ఏడు సెకన్లు కనబడింది, అది చూసి అత్తయ్య ముఖం వెలిగిపోయింది. బయటికొచ్చాక అదే కాలనీలో ముప్ఫై ఏళ్ళ కిందట పక్కింట్లో ఉన్నావిడ కనబడితే ఇద్దరూ చెట్టు కింద కుర్చీలు వేయించుకుని చాలాసేపు కూర్చున్నారు. ఇంటికొచ్చాక మాత్రం మోకాళ్ళ నొప్పితో రెండు రోజులు లేవలేదు. ఈ రెండో సంగతి కూడా లెక్కలోకి రావాలి.

చెల్లుబాటు విషయంలో ఏది గట్టి? ఈవీఎంలో పడిన ఓటు చెల్లకపోవడం అంటూ ఉండదు. కాగితం ఓటు చెల్లకుండా పోవచ్చు. ఇద్దరికి గుర్తు పెట్టినా, ఎవరికీ పెట్టకపోయినా, ఓటరు ఎవరో తెలిసేలా పేరో సంతకమో బ్యాలెట్ మీద రాసినా లెక్కించరు. డిక్లరేషన్ సరిగా లేకపోతే లోపలి కవరు తెరవను కూడా తెరవరు. ఇంటి ఓటులో డిక్లరేషన్ పని సిబ్బందే అక్కడికక్కడ చూసుకుంటారు కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. మిగిలింది బ్యాలెట్ మీద సంతకం పెట్టే అలవాటు. బ్యాంకు కాగితాల మీద జీవితమంతా సంతకాలు చేసిన రిటైర్డ్ ఉద్యోగులకు ఏ కాగితం ఇచ్చినా చెయ్యి అటే పోతుంది. సంతకం డిక్లరేషన్ మీదే, బ్యాలెట్ మీద గుర్తు తప్ప ఏమీ వద్దు అని ముందురోజే చెప్పి పెట్టాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది రహస్యం. బూత్‌లో అట్ట వెనక మనిషి ఒంటరి. కొడుకు లేడు, కోడలు లేదు, మనవడు లేడు. ఇంట్లో అలా కాదు. సిబ్బంది ఎంత జాగ్రత్తగా ఉన్నా, వాళ్ళు రాకముందు అరగంట ఉంటుంది, వెళ్ళాక సాయంత్రం అంతా ఉంటుంది. "అమ్మా, మూడో పేరు, గుర్తుంది కదా" అనే మాటలు చాలా ఇళ్ళలో వినబడతాయి. ప్రేమగానే అంటారు. కానీ ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, తిండికీ మందులకీ ఆ ఇంటి మీదే ఆధారపడిన మనిషి, ఆ మాటను సలహాగా తీసుకోగలదా? చూపు లేనివాళ్ళకు, సొంతంగా గుర్తు పెట్టలేనివాళ్ళకు సహాయకుణ్ణి తీసుకునే వెసులుబాటు రెండు చోట్లా ఉంది. చెయ్యి కదిలి, కళ్ళు కనబడేవాళ్ళకు పక్కన మనిషి అక్కర్లేదు, ఉండకూడదు. మీ ఇంట్లో ఓటు గురించి గొడవలు పడే అలవాటుంటే, పెద్దావిడ నడవగలిగితే, బూతే మేలు. ఆ నాలుగు నిమిషాలు ఆవిడవి.

ఇంకో తేడా. ఇంటి ఓటు పోలింగుకు రోజుల ముందే పడిపోతుంది. ఆ తర్వాత అభ్యర్థి గురించి ఏం తెలిసినా వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆఖరిరోజు దాకా పేపరు చదివి నిర్ణయించుకునే తాతగార్లకు ఇది నచ్చదు. చాలామందికి ఇది పెద్ద విషయం కాదు.

మంచం మీదున్నవాళ్ళు, డయాలిసిస్ మీదున్నవాళ్ళు, తుంటి విరిగి కోలుకుంటున్నవాళ్ళు, లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉన్నవాళ్ళు: వీళ్ళ విషయంలో రెండో ఆలోచన వద్దు, 12డీ ఇవ్వండి. 'ఆ రోజుకి చూద్దాం, కారులో తీసుకెళ్దాం' అనుకున్న కుటుంబాల్లో ఆ రోజుకి బీపీ పెరుగుతుంది, లేదా కారు తోలే కొడుక్కి పని పడుతుంది. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగు 48 శాతం దగ్గరే ఆగింది. నడవగలిగిన వయసువాళ్ళే సగం మంది వెళ్ళని ఊళ్ళో, వెళ్ళాలన్న కోరిక ఉన్న పెద్దమనిషి ఓటు రవాణా లేక పోవడం నాకు బాధగా ఉంటుంది. నెమ్మదిగానైనా నడవగలిగి, ఎవరో ఒకరు తోడుండి, బయటికెళ్ళాలన్న ఉత్సాహం ఉన్నవాళ్ళు మాత్రం బూత్‌కే వెళ్ళాలి. చక్రాల కుర్చీ కావాలంటే ఎన్నికల సంఘం యాప్‌లో ముందే అడగవచ్చు.

పెద్దవాళ్ళు కాని గైర్హాజరు ఓటర్ల సంగతి క్లుప్తంగా. ఎన్నికల సంఘం ప్రకటించిన అత్యవసర సేవల్లో ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళకూ, అనుమతి పత్రం ఉన్న విలేఖరులకూ అదే 12డీ. కాకపోతే తమ శాఖ నోడల్ అధికారి ద్వారా ఇవ్వాలి. వాళ్ళ ఇంటికి ఎవరూ రారు, పోలింగుకు ముందు మూడు రోజులు తెరిచే పోస్టల్ ఓటింగ్ కేంద్రానికి వెళ్ళి వేయాలి. షిఫ్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఉద్యోగమైతే అదే మంచిది. మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవాళ్ళకు మామూలు బూత్ చాలు. ఎన్నికల డ్యూటీ పడ్డ టీచర్లు, ఉద్యోగులు మాత్రం 12డీ జోలికి పోకూడదు, వాళ్ళది ఫారం 12, ఓటు ఫెసిలిటేషన్ సెంటర్‌లో. తమ ఓటున్న నియోజకవర్గంలోనే డ్యూటీ పడితే ఫారం 12ఏ ఇచ్చి ఈడీసీ (ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్) తీసుకుని, డ్యూటీ చేసే బూత్‌లోనే ఈవీఎం మీద వేయవచ్చు. వీలున్నచోట ఈడీసీయే మేలు, కాగితం తంటా ఉండదు.

అమెరికాలో ఉన్న పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ టెక్సాస్‌లో 65 దాటితే దరఖాస్తు పెట్టుకుని పోస్టులో ఓటేస్తారు, మాకు అక్కడి ఓటు అలా ఎందుకు పంపరు?" భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసులు ఫారం 6ఏతో పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ ఓటుకు ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా బూత్‌కి రావాల్సిందే. బెంగళూరులో, పుణెలో ఉద్యోగం చేసే మన పిల్లలకు పోస్టల్ దారి అసలు లేదు. ఉన్న ఊరికి ఓటు మార్చుకోవడమో, పోలింగుకు ఇంటికి రావడమో ఏదో ఒకటి. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, మారేదాకా నియమం ఇదే.

వచ్చే అసెంబ్లీ ఎన్నికల నాటికి అత్తయ్య 85 దాటుతారు. ఈసారి ఎలా అని మొన్న అడిగాను. "కాళ్ళు ఒప్పుకుంటే బడికే పోతాన్రా. ఒప్పుకోకపోతే వాళ్ళనే రమ్మను. నేను చెప్పేదాకా ఆ కాయితం మీద సంతకం పెట్టించకు" అన్నారు. 12డీ ఆవిడ ఇష్టం, నా సౌకర్యం కాదు. కాబట్టి నోటిఫికేషన్ వచ్చిన రోజే ఆవిడ పక్కన కూర్చుని మళ్ళీ అడుగుతాను.

ఈలోపు చేయదగిన పని ఒకటుంది. ఓటరు జాబితాలో నమోదైన వయసు చూడండి. పాత కార్డుల్లో పెద్దవాళ్ళ వయసు అంచనాగా రాసేశారు, నిజంగా 88 ఉన్నావిడకు 81 అని ఉన్న కార్డు నేను చూశాను. 12డీకి జాబితాలోని వయసే ఆధారం. తేడా ఉంటే ఫారం 8 ఇచ్చి ఇప్పుడే సరిచేయించండి, వైకల్యం నమోదు కూడా అదే ఫారంతో అవుతుంది. ఆన్‌లైన్‌లో కుదరకపోతే బీఎల్‌ఓకి ఇవ్వండి. ఆయన ఎవరో తెలియకపోతే 1950కి ఫోన్ చేస్తే చెబుతారు.