ఆ 1,499 రూపాయల ఇంగ్లీష్ సెట్ కొనకండి, ముందు క్వశ్చన్ ట్యాగ్స్ పేజీ అడగండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న తెలుగు ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫోన్లో ఒక వీడియో ప్రకటన తిరుగుతోంది, మీకూ కనబడే ఉంటుంది. కోటు వేసుకున్న ఒకాయన బోర్డు ముందు నిలబడి, "తెలుగులోనే చెబుతా, 30 రోజుల్లో ఇంగ్లీష్ మీ పిల్లల నోట్లో ఉంటుంది, పరీక్షల్లో గ్రామర్ మార్కు ఒక్కటి పోదు" అంటాడు. రెండు పుస్తకాలు, 60 వీడియోలు, డౌట్లు అడగడానికి వాట్సాప్ గ్రూప్. 4,999 మీద గీత కొట్టి 1,499. నేను కొన్నాను, మీరు కొనకండి. పేరు మాత్రం రాయను. ఇలాంటివాళ్లు ఈ నెల ఒక పేరుతో ఉంటే వచ్చే నెల ఇంకో పేరుతో వస్తారు. సరుకు చూసి పోల్చుకోవడం తెలిస్తే ఏ పేరుతో వచ్చినా దొరుకుతారు.

నాది పర్లాకిమిడి బస్టాండు దగ్గర జెరాక్స్, స్టేషనరీ షాపు. రోజూ గైడ్లు అమ్మేదాన్నే, అయినా పడ్డాను. కారణం ఉంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇక్కడ దొరికే గ్రామర్ గైడ్లలో వివరణ అంతా ఒడియాలో ఉంటుంది. అమ్మాయికి అది అర్థమవుతుంది కానీ పక్కన కూర్చుని చెప్పాలంటే నాకు ఒడియా చదవడం నెమ్మది. తెలుగులో వివరణ ఉన్నది కావాలంటే పాతపట్నం దాటి టెక్కలికో శ్రీకాకుళానికో వెళ్లాలి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, తెలుగు పుస్తకాల షాపులు అటే ఉండిపోయాయి అని మా నాన్న ఇప్పటికీ అంటూ ఉంటారు. అందుకే "తెలుగులో" అన్న ఒక్క మాట వినగానే వేలు ఆర్డర్ బటన్ మీదకి పోయింది.

పార్శిల్ నాలుగో రోజుకి వచ్చింది. విప్పి చూసి డబ్బిస్తానంటే కొరియర్ అబ్బాయి ఒప్పుకోలేదు. "అలా కుదరదక్కా, ముందు డబ్బులివ్వాలి" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఇచ్చిన రూలు అది. డబ్బిచ్చి విప్పితే లోపల ఉన్నవి అచ్చు పుస్తకాలు కావు, మా షాపులో నేను తీసే జెరాక్సే ఇంకాస్త నల్లగా, నీట్‌గా వస్తుంది. మొదటి పుస్తకంలో 40వ పేజీ తర్వాత 57 ఉంది. వీడియోలు 60 కాదు, 22. ఇవన్నీ చూసి కూడా, పోనీలే, పాఠం బాగుంటే చాలు అనుకున్నాను. నేను చేసిన అసలు తప్పు అది. ఆ రోజే వెనక్కి పంపాల్సింది.

రెండు వారాలకి స్కూల్లో క్లాస్ టెస్టు పెట్టారు. పది క్వశ్చన్ ట్యాగ్స్. మా అమ్మాయికి రెండు వచ్చాయి. ట్యాగ్స్ అంటే తెలుసుగా, వాక్యం చివర కామా పెట్టి అడిగే చిన్న ప్రశ్న. పేపరు నిండా ఎర్ర ఇంకు. కింద సార్ ఒడియాలో "ఇలా ఎవరు నేర్పారు?" అని రాశారు. అమ్మాయి ఏడవలేదు కానీ, "అమ్మా, వీడియోలో సార్ చెప్పినట్టే రాశాను" అంది. అప్పుడు కూర్చుని ఆ పాఠం మొత్తం విన్నాను.

ఆయన చెప్పింది ఇది: "తెలుగులో కదా అని ఎక్కడ వస్తే అక్కడ ఈజంట్ ఇట్ పెట్టేయండి. ఒక్క మంత్రం, అన్ని మార్కులూ మీవే." పదింటికీ మా అమ్మాయి ఈజంట్ ఇట్ పెట్టింది. వచ్చిన ఆ రెండు మార్కులు ఎందుకొచ్చాయంటే, "ఇట్ ఈజ్ రెయినింగ్", "దిస్ ఈజ్ యువర్ పెన్" అనే వాక్యాలకి నిజంగానే ఆ ట్యాగే రావాలి కాబట్టి. ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరైన టైమ్ చూపిస్తుంది.

ఈ మంత్రం మన పిల్లలకి ఎందుకు తియ్యగా ఉంటుందో నాకు తర్వాత తట్టింది. తెలుగులో కదా ఒక్కటే. వాడు వచ్చాడు కదా, వాళ్లు రారు కదా, నువ్వు తింటావు కదా, ఏ వాక్యానికైనా అదే ముక్క. ఒడియాలో నా, హిందీలో హై నా. మన పిల్లలు వాడే మూడు భాషల్లోనూ చివర తగిలించే ముక్క మారదు. ఇంగ్లీష్‌లో మారుతుంది. అక్కడ చివర వచ్చేది ముక్క కాదు, చిన్న వాక్యం. ముందున్న ఈజ్, కెన్, హాజ్ లాంటి హెల్పింగ్ వెర్బ్‌ని మళ్లీ తెచ్చి, ఔను అయితే కాదుగా, కాదు అయితే ఔనుగా తిప్పి, పేరు స్థానంలో హి, షి, దే లాంటిది పెట్టాలి. "సీత కెన్ స్విమ్, కాంట్ షి?" "ద బాయ్స్ ఆర్ నాట్ రెడీ, ఆర్ దే?" హెల్పింగ్ వెర్బ్ బయటికి కనబడకపోతే లోపల దాక్కున్న డు, డజ్, డిడ్ బయటికొస్తాయి. "మీ అన్నయ్య బరంపురంలో పనిచేస్తాడు కదా" అనాలంటే "యువర్ బ్రదర్ వర్క్స్ ఇన్ బరంపూర్, డజంట్ హి?" ఇక్కడ ఈజంట్ ఇట్ పెడితే అన్నయ్య వస్తువైపోతాడు.

సరే, వీడియోలో సులువు కోసం చెప్పాడేమో, పుస్తకంలో సరిగ్గా ఉందేమో అని రెండో పుస్తకం తీశాను. డిగ్రీలో నా రెండో సబ్జెక్టు ఇంగ్లీష్, పాత నోట్సు అటక మీద ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పుస్తకం వీడియోని కూడా మించిపోయింది.

"హి హార్డ్లీ స్పీక్స్" పక్కన డజంట్ హి అని అచ్చేశారు. హార్డ్లీ అంటేనే దాదాపు మాట్లాడడు అని. నాట్ కనబడకపోయినా వాక్యం కాదు వైపు ఉంది కాబట్టి ట్యాగ్ ఔను వైపు ఉండాలి, డజ్ హి. నెవర్, సెల్డమ్, రేర్లీ, నోబడీ, నథింగ్ అన్నీ ఇదే కుటుంబం. "నథింగ్ హ్యాపెన్డ్, డిడ్ ఇట్?" ఇందులో పిల్లలు జారిపడేది ఫ్యూ దగ్గర. ఉత్త ఫ్యూ అంటే దాదాపు ఎవరూ లేరని, ట్యాగ్ ఔను వైపు. ముందు ఎ చేరి ఎ ఫ్యూ అయితే కొందరు ఉన్నారని, ట్యాగ్ కాదు వైపు. లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే. ఆ పుస్తకంలో వీటికి తేడానే చూపలేదు.

ఇంకోటి నాకు బాగా కోపం తెప్పించింది. "షి పుట్ ద కీస్ ఆన్ ద టేబుల్" అన్న వాక్యానికి జవాబు డజంట్ షి అని ఉంది. పుట్‌కి వర్తమానమైనా గతమైనా రూపం ఒకటే, నిజమే. కానీ షి పక్కన వర్తమానమైతే పుట్స్ అని ఎస్ రావాలి. ఎస్ లేదంటే అది జరిగిపోయిన పని. కాబట్టి డిడంట్ షి. కట్, హిట్, షట్ అన్నింటికీ ఇదే కిటుకు. రీడ్‌కి స్పెల్లింగ్ మారదు, పలకడం మాత్రం మారుతుంది, కాబట్టి రాతలో అక్కడా ఎస్ ఉందో లేదో చూసుకోవాలి. తెలివైన పిల్లలకి మాస్టార్లు పెట్టే ఉచ్చు ఇదే. డబ్బు తీసుకున్న మాస్టారే అందులో పడితే ఎలా?

"ఐ యామ్ లేట్" కి యామంట్ ఐ అని రాశారు. లాజిక్ ప్రకారం అలాగే ఉండాలనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పరీక్షల్లో అది ఒప్పుకోరు. ఆరంట్ ఐ అనాలి. వ్యాకరణం లెక్కన వింతగా ఉంటుంది కానీ ఇంగ్లీష్ వాళ్ల నోట స్థిరపడింది అది. మరీ పద్ధతిగా కావాలంటే యామ్ ఐ నాట్. "లెట్స్ గో" కి డోంట్ వుయ్ అట! షల్ వుయ్ రావాలి. "ఎవ్రీబడీ హాజ్ కమ్" కి హాజంట్ హి అని ఉంది. ఇప్పుడు వాడుకలో హావెంట్ దే. "దేర్ ఈజ్ ఎ బస్ ఎట్ సిక్స్" కి మళ్లీ మన మంత్రమే, ఈజంట్ ఇట్. ఈజంట్ దేర్ రావాలి.

పలికే తీరు గురించైతే 22 వీడియోల్లో ఒక్క మాట లేదు. స్పోకెన్ అని పేరు పెట్టుకుని మరీ. చివర గొంతు దించితే నాకు తెలుసు, నువ్వు ఔనను అని. పైకెత్తితే నిజంగానే అడుగుతున్నానని. మన కదాలో కూడా ఇది ఉంది. "రేపు వస్తావు కదా" అని మామూలుగా అనడానికీ, అనుమానంగా "వస్తావు కదా?" అని సాగదీయడానికీ తేడా పిల్లలకి వెంటనే తెలుస్తుంది. తెలుగులో చెబుతానన్న మనిషి తెలుగులో చేతికందే పోలికని కూడా వాడుకోలేదు.

వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే అడిగాను, ఈ జవాబులు తప్పు కదా సార్ అని. పది నిమిషాల్లో ఫోనొచ్చింది. "మేడమ్, ఇండియాలో అందరూ ఈజంట్ ఇట్ అనే అంటారు. లండన్లో కుర్రాళ్లు కూడా దాన్నే కుదించి ఇన్నిట్ అంటున్నారు. భాష మారుతుంది మేడమ్." ఈ మాటలో సగం నిజం ఉంది, అది దాచను. మన దేశంలో చాలామంది అన్నింటికీ అలాగే అంటారు, బజార్లో ఎవరికీ అర్థం కాకపోదు. లండన్ ఇన్నిట్ కూడా నిజమే. అయితే ఆయన మాకు అమ్మింది బజారు ఇంగ్లీష్ కాదు. పరీక్షలో ఒక్క మార్కు పోదని చెప్పి అమ్మాడు. ఈ ఊళ్లో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం ఏళ్ల తరబడి వాదించారు. ఆయన ఇక్కడి సవర గిరిజనుల నోట విని సవర భాష నేర్చుకున్నారు. వాడుక పేరు చెప్పి తప్పు జవాబుల పుస్తకం అమ్ముకోవడం అది కాదు. ఇది ఫోన్లో అనలేకపోయాను, తర్వాత తట్టింది. సాయంత్రానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు.

డబ్బు వెనక్కి అడిగితే, 7 రోజుల గడువు ఆర్డర్ పెట్టిన రోజు నుంచి అన్నారు. అందులో నాలుగు రోజులు పార్శిల్ దారిలోనే ఉంది. తర్వాత విప్పుతున్నప్పుడు తీసిన వీడియో అడిగారు. పుస్తకాల కట్ట విప్పుతూ ఎవరు వీడియో తీస్తారు? నేను 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదు తీసుకుని నంబరిచ్చారు, కంపెనీకి పంపుతామన్నారు. అయితే వాళ్లు తీర్పు ఇచ్చేవాళ్లు కాదు, మధ్యలో మాట్లాడిపెట్టేవాళ్లు. ఇప్పటిదాకా నాకు పైసా రాలేదు. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు, మనం ఉన్నచోటే వేయొచ్చు. 5 లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, పార్శిల్ మీది లేబుల్, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకున్నాను. మీరూ ఏది కొన్నా ప్రకటనని అదే రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను తీసిన మర్నాటికి "ఒక్క మార్కు పోదు" అన్న ముక్క ఆ వీడియోలోంచి మాయమైంది.

కొనేముందు నేను చేయాల్సిన పని ఒకటుంది. వాళ్ల సైట్‌లో అడ్రసు, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు ఉన్నాయా అని చూడటం. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఉండాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వీళ్ల సైట్‌లో ఒక వాట్సాప్ నంబరు, నవ్వుతున్న పిల్లల ఫోటో తప్ప ఏమీ లేవు. సరుకు సంగతికొస్తే, ఏ గ్రామర్ సెట్ అయినా క్వశ్చన్ ట్యాగ్స్ పేజీ ఫోటో పంపమనండి. పంపనంటే వదిలేయండి. పంపితే హార్డ్లీ, పుట్, లెట్స్, ఐ యామ్ ఈ నాలుగూ ఉన్నాయా, పక్కన జవాబేముందో చూడండి. టెన్స్ పాఠం ఎవరైనా ఎక్కణ్నుంచైనా ఎత్తి అచ్చేస్తారు. ఈ పేజీ మాత్రం తెలిసినవాడు రాశాడో లేదో ఒక్క చూపులో చెప్పేస్తుంది.

మా అమ్మాయి నోట్లోంచి ఆ ఈజంట్ ఇట్‌ని వదిలించడానికి నెలన్నర పట్టింది. కొత్తగా నేర్పడం కంటే తప్పుగా పట్టినదాన్ని విడిపించడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రాత్రి అన్నాల దగ్గర ఎవరేం మాట్లాడినా చివర ట్యాగ్ అది చెప్పాలి అని ఆట పెట్టాం. మామ్మ పప్పులో ఉప్పు వేయలేదు. "డిడ్ షి?" బస్సు ఎప్పుడూ టైమ్‌కి రాదు. "డజ్ ఇట్?" మా మామ్మకి ఇంగ్లీష్ రాదు కానీ తన మీద ఏదో అంటున్నారని మాత్రం బాగా తెలుస్తుంది.

గుణుపురంలో మా వదిన కూడా వాళ్ల అబ్బాయి కోసం ఇదే సెట్ ఆర్డర్ పెట్టిందని మొన్న తెలిసింది, డబ్బు పార్శిల్ వచ్చాక ఇచ్చే పద్ధతిలో. వెంటనే ఫోన్ చేసి తీసుకోవద్దన్నాను. నిన్న మధ్యాహ్నం పార్శిల్ వచ్చిందట, వద్దని గుమ్మంలోనే వెనక్కి పంపేసింది. ఆ పేజీలు కళ్లతో చూడాలనుకునేవాళ్లు షాపుకి రండి, రెండు పుస్తకాలూ కౌంటర్ మీదే పెట్టాను.