అమ్రాబాద్‌లో చలికాలపు రెండు రోజులు: మన్ననూర్ బస, ఫరహాబాద్ సఫారీ

పెద్దపులిని చూడటమే పట్టుదలైతే డిసెంబరు, జనవరిల్లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లకండి, ఏప్రిల్ దాకా ఆగండి. వానాకాలం పోయాక గడ్డి ఏపుగా ఉంటుంది, ఆకు ఇంకా రాలదు, వాగుల్లో నీళ్లుంటాయి. జంతువులు ఫలానా గుంట దగ్గరికే రావాల్సిన పని ఉండదు. ఎండలు ముదిరి, అటవీ శాఖ సాసర్ పిట్లలో (జంతువుల కోసం కట్టిన లోతు తక్కువ నీటి తొట్లు) నీళ్లు పోసే రోజుల్లోనే అవి కంటపడే అవకాశం ఎక్కువ. అడవినే చూడాలనుకుంటే మాత్రం నల్లమలలో చలికాలానికి సాటి లేదు.

అటవీ శాఖ 2021 చివర్లో మొదలుపెట్టిన టైగర్ స్టే ప్యాకేజీలో మన్ననూర్‌లో బస, ట్రెక్, సఫారీ కలిసి వస్తాయి. బుకింగ్ ఆన్‌లైన్‌లోనే. శని, ఆదివారాలు కావాలంటే ముందుగా చూసుకోవాలి, వీలైతే మామూలు రోజుల్లో వెళ్లడమే సుఖం. ఇక్కడి అసలు బలం చెంచు గైడ్లు. జీపు ఎక్కగానే ‘పులి ఎక్కడ?’ అని అడక్కుండా దారి మీది గుర్తులు చూపించమనండి.

ఫరహాబాద్ సఫారీ పొద్దునదే తీసుకోండి, అదీ మొదటి బండి. మంచుకు తడిసిన దుమ్ములో రాత్రి నడిచిన జంతువుల అడుగులు చెదరకుండా ఉంటాయి, రెండో బండి వచ్చేసరికి టైర్లు చెరిపేస్తాయి. పులి గోళ్లను లోపలికి లాక్కుని నడుస్తుంది కనుక అడుగులో గోటి గుర్తు ఉండదు. చిరుతదీ అంతే, అడుగు చిన్నది. రేచుకుక్క అడుగులో గోళ్లు తెలుస్తాయి. ఎలుగుబంటి వెనక పాదం ముద్ర మనిషి పాదంలా ఉండి, ముందు గోళ్ల గీతలు పడతాయి. తవ్వేసిన చెదపుట్ట కనిపించినా అది ఎలుగు పనే కావచ్చు. కొండముచ్చు చెట్టు మీంచి ఆగకుండా దగ్గినట్టు అరుస్తుంటే ఇంజిన్ ఆపించి, మాటలు కట్టిపెట్టి, అది చూస్తున్న వైపే చూడండి. ఏ జంతువూ కనిపించకపోయినా ఆ పది నిమిషాలూ వృథా కావు.

తెరిచిన జీపులో గాలి ముఖానికి కొడుతుంది. మంకీ క్యాప్, స్వెటర్ తప్పనిసరి. ముదురు ఆకుపచ్చ, ఖాకీ రంగు బట్టలు మేలు, సెంటు వద్దు.

హైదరాబాద్ నుంచి కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూర్‌కు దాదాపు మూడు గంటలు. పెట్రోలు, నగదు హాజీపూర్ చౌరస్తా దాటకముందే చూసుకోండి, ఆ తర్వాత సిగ్నల్ కూడా అంతంతమాత్రం. చాలామంది తప్పు లెక్క వేసేది తిరుగు ప్రయాణంలో. అడవి లోపలి శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. శ్రీశైలంలో దర్శనం చేసుకుని మన్ననూర్ బసకు రావాలంటే సాయంత్రం ఆరింటికే బయల్దేరాలి. ఘాట్ మలుపుల్లో తొందరపడితే నష్టపోయేది మనమే కాదు, రోడ్డు దాటే దుప్పులు కూడా. కోతులకు అరటిపళ్లు వేయడం మానండి. ఆ అలవాటుతోనే అవి రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి.

వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతం నవంబరులోనైతే నిండుగా దూకుతుంది, జనవరికి సన్నబడుతుంది. మూడు వందలకు పైగా మెట్లు దిగి ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అచ్చంపేట వైపు ఉమామహేశ్వరం గుడికి తీసుకెళ్లండి.