లింకులు మార్చాక బండి లేచింది, స్టాండు మాత్రం పొట్టిగానే మిగిలింది

నేను కొన్న సెకండ్ హ్యాండ్ బండిని పాత యజమాని తన కాళ్లు నేలకు ఆనడం కోసం కిందికి దింపించుకున్నారన్న సంగతి అమ్మేటప్పుడు ఆయన చెప్పలేదు, కొనేటప్పుడు నేనూ పసిగట్టలేదు. వారం తిరక్కుండానే, ఏమంత వాలుగా తీసుకోని మలుపులో ఫుట్‌రెస్ట్ చివర రోడ్డును గీకింది. ఇంటికి వచ్చి నేలమీద పడుకుని చూస్తే విషయం తెలిసింది. వెనుక షాక్ అబ్జార్బర్ దగ్గర, బండి వెనుక ఎత్తును నిర్ణయించే లింకు పట్టీలు రెండూ కంపెనీవి కావు. తమను పట్టి ఉంచే పై క్లాంపుతో సమానంగా ఉండాల్సిన ముందు ఫోర్కు గొట్టాలు దాన్ని దాటి 20 మిల్లీమీటర్లు పైకి వచ్చి ఉన్నాయి. సైడ్ స్టాండును మధ్యలో కోసి అతికిన వెల్డింగు నల్ల పెయింటు కింద ఉబ్బుగా కనిపిస్తోంది. బండిని అసలు ఎత్తుకు తీసుకురావడానికి తెప్పించుకున్న ఒరిజినల్ లింకుల జత గురించే ఈ సమీక్ష.

చూడటానికి ఇవి రెండు ఉక్కు పట్టీలు, ఒక్కో పట్టీకి రెండు రంధ్రాలు, అంతే. పాత పట్టీల రంధ్రాల మధ్య దూరం కొలిస్తే 148 మిల్లీమీటర్లు, వీటికి 135. పొడవైన లింకు బండిని పైకి లేపాలి కదా అని చాలామంది అనుకుంటారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. నా బండి అమరికలో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. షాక్ పొడవు మారదు కాబట్టి, లింకు పొడవు పెరిగిన మేరకు, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ పైకి మడుచుకుంటుంది, దానితో బండి వెనుక భాగం కిందికి దిగుతుంది. పైగా లింకులో తేడా చక్రం దగ్గరికి వచ్చేసరికి రెట్టింపుకు పైనే అవుతుంది. ఇరుసు నుంచి సీటు కింద పెట్టుకున్న గుర్తు వరకు నిలువుగా కొలిస్తే, 13 మిల్లీమీటర్ల లింకు తేడాకు వెనుక భాగం 34 మిల్లీమీటర్లు లేచింది.

పొడవు సర్దుకునే మరలున్న లింకులు కూడా దొరుకుతాయి, వాటిని కొనాలనే మొదట అనుకున్నాను. అయితే రెండు వైపులా పొడవు అణుమాత్రం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే లింకులను షాక్‌కు కలిపే రాకర్ మెలి తిరిగి బేరింగులు ఒక పక్కగా అరిగిపోతాయి. ఎత్తుతో ప్రయోగాలు చేసే ఉద్దేశం నాకు లేదు కాబట్టి, తప్పు చేయడానికి వీల్లేని ఈ పట్టీలే నయమనిపించాయి. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ చింత లేదు.

బిగించడం కష్టమైన పని కాదు, కానీ ఓపిక కావాలి. బండి బరువు ఫ్రేము మీద ఆనేలా జాకీ పెట్టాలి. స్వింగ్ ఆర్మ్ కింద పెడితే మనం విప్పబోయే భాగమే బరువు మోస్తుంది, ఇక సైలెన్సర్ కింద పెట్టే ఆలోచనే వద్దు. టైరు కింద పలుచటి చెక్కలు దూర్చి చక్రాన్ని కొంచెం కొంచెంగా పైకీ కిందికీ సర్దుతూ ఉంటే, ఒక దశలో బోల్టు వేలితో తోస్తేనే లోపలికి జారిపోతుంది. సుత్తి అవసరం పడిందంటే ఇంకా ఎక్కడో బరువు ఉందని అర్థం. బోల్టులు తీసినప్పుడే లోపలి నీడిల్ బేరింగులను (సన్నటి కడ్డీల మీద తిరిగే బేరింగులు) తప్పక చూడండి. నా బండిలో బోల్టు దూరే ఒక స్లీవు (చిన్న గొట్టం) బయటికి రాగానే ఎర్రటి తుప్పు పొడి అరచేతిలో రాలింది, ఎన్నేళ్లుగా గ్రీజు ముఖం చూడలేదో. శుభ్రంగా కడిగి, గ్రీజు దట్టించి, మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించాను.

ముందు ఫోర్కులకు కొనాల్సిందేమీ లేదు. ముందు చక్రం మీద బరువు లేకుండా చేసి, క్లాంపు బోల్టులు వదులు చేసి, రెండు గొట్టాలనూ సమానంగా కిందికి జరిపితే సరిపోయింది. పాత యజమాని ముందు 20, వెనుక 34 దింపారు, అంటే 14 మిల్లీమీటర్ల తేడాతో బండి వెనక్కి వాలి ఉండేది. 1,400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) మీద ఇది అర డిగ్రీ పైచిలుకు. వినడానికి చిన్న అంకే అయినా, హ్యాండిల్ మలుపుల్లో మొండికేయడానికి కారణం అదేనని ఇప్పుడు నడిపితే తెలుస్తోంది. అదే అర డిగ్రీ హెడ్‌లైట్‌లోనూ బయటపడింది. బండి వెనక్కి వాలి ఉన్నప్పుడు ఎదుటివారి కళ్లలో పడకుండా ఆయన లైటును కిందికి వంచినట్టున్నారు, బండి సరయ్యేసరికి వెలుగు పది మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు కిందికి పడింది.

నా అసలు ఫిర్యాదు స్టాండు గురించి. పని ముగించి, బండిని స్టాండు మీదికి వాల్చి చేయి తీయబోతే, అది వాలుతూనే ఉంది. పట్టుకోకపోయి ఉంటే నేలమీద పడేది. దింపిన బండికి సరిపడేలా కోసిన స్టాండు లేచిన బండికి పొట్టి కాక ఏమవుతుంది? ఆ రాత్రి బండిని గోడకు ఆనించి పెట్టాను. ఒరిజినల్ స్టాండును విడిగా తెప్పించి బిగించే వరకు దాన్ని బయటికి తీయలేదు. ఈ లింకులు కొనేవారిలో ఎక్కువమందికి కోసిన స్టాండే ఉంటుంది కాబట్టి, అమ్మే పేజీలో ఆ ఒక్క మాట రాసి ఉండాల్సింది. బోల్టులకు కొత్త లాక్ నట్లు (అదురుకు వదులు కాని నట్లు) కూడా జతలో లేవు, ఒకసారి విప్పిన లాక్ నట్టును తిరిగి వాడటం నాకు ఇష్టం ఉండదు.

చైన్ కూడా మళ్లీ సర్దాల్సి వచ్చింది. స్వింగ్ ఆర్మ్ కిందికి దిగేసరికి వెనుక ఇరుసు ముందు పళ్లచక్రానికి కాస్త దగ్గరై చైన్ వదులైంది. దింపిన బండి గతుకుల్లో పూర్తిగా కుంగి తగలకుండా పాత యజమాని షాక్ ప్రీలోడ్‌ను (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) బాగా బిగించి ఉంచారు. దాన్ని తగ్గించి, నేను కూర్చున్నప్పుడు వెనుక భాగం 35 మిల్లీమీటర్లు కుంగేలా పెట్టుకున్నాక, గతుకుల్లో నడుముకు తగిలే దెబ్బ పోయింది.

ఇప్పుడు నాకు రెండు పాదాల ముందు భాగం మాత్రమే నేలకు ఆనుతుంది, బండిని వెనక్కి నెట్టాలంటే దిగాల్సిందే. అది ఇబ్బంది అనిపించేవారు ఈ పట్టీల జోలికి పోకపోవడమే మంచిది. వస్తువు నాణ్యతకు నేను పూర్తి మార్కులు ఇస్తాను, అమ్మిన తీరుకు సగమే. 500 కిలోమీటర్లు నడిపాక నట్లన్నీ మళ్లీ రెంచ్‌తో చూశాను, ఒక్కటీ కదల్లేదు.