ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్: మూడేళ్లు బోర్డుల మీద వాడాక

షాపు పేరు ఇంగ్లీషులో రోడ్డు అవతలి నుంచే కంట పడాలంటే, ఉచితంగా దొరికే ఫాంట్లలో మా ఓటు ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్‌కే. 19వ శతాబ్దపు ఇంగ్లండ్, ఫ్రాన్సు ప్రకటన పోస్టర్లలోని బొద్దు అక్షరాల పోలికతో టైప్‌టుగెదర్ సంస్థకు చెందిన వెరోనికా బురియన్, జోసే స్కాలియోనె చేసిన ఫాంటు ఇది. నిలువు గీత దుంగలా ఉంటుంది, అడ్డగీత వెంట్రుకలా ఉంటుంది. అందమంతా అందులోనే, తంటా అంతా అందులోనే.

ఇంగ్లీషులో ‘వైజాగ్’ అని క్యాపిటల్స్‌లో కొట్టి చూడండి. ‘వి’కి కుడి గీత, ‘జెడ్’కి పైనా కిందా అడ్డగీతలు, ‘ఎ’కి ఎడమ గీత, అన్నీ సన్నవే. బోర్డు ఎన్ని అడుగులన్నది తర్వాత, ఆ సన్నగీత ఎన్ని మి.మీ. వచ్చిందో ముందు చూడాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో అసలు సైజులో పెట్టి, దాని మీద సరిగ్గా సరిపోయే పెట్టె గీస్తే కొలత తెలిసిపోతుంది. వినైల్ (స్టిక్కరు షీటు) కటింగుకి 2 మి.మీ. కన్నా తగ్గితే మేం వద్దంటాం. చుట్టూ ఉన్న వేస్టు పీకేటప్పుడు సన్నగీత కూడా లేచి వచ్చేస్తుంది. ఓపిగ్గా అంటించినా, బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి ముందు అంచు లేచేది అదే. జిగురు పట్టడానికి దానికి చోటెక్కడిది? యాక్రిలిక్ అక్షరాలకైతే 5 మి.మీ. అయినా ఉండాలి, లేదంటే బిగించేటప్పుడే విరుగుతుంది.

ప్రింటు పనిలో గీత కాస్త చాలకపోతే అదే రంగు అవుట్‌లైను ఇవ్వండి. 0.3 మి.మీ. ఇస్తే అటూ ఇటూ 0.15 చొప్పున లావెక్కుతుంది. మరీ పెంచితే స్మాల్ ‘ఎ’, ‘ఇ’ల కడుపులు పూడిపోతాయి. పదో వంతు స్కేల్లో డిజైన్ చేసేవాళ్లు ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ టిక్కు మరిచిపోవద్దు. లేకపోతే డిజైన్ పెద్దదవుతుంది, అవుట్‌లైను మాత్రం ఉన్నంతే ఉంటుంది.

2022 ఆగస్టులో విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించాక గుడ్డ బ్యానర్ల గిరాకీ పెరిగింది. గుడ్డ మీద సిరా కొంచెం పాకుతుంది. నల్ల అక్షరానికి అది మేలే, సన్నగీత నిండుగా పడుతుంది. ముదురు రంగు మీద తెల్ల అక్షరమైతే తిరగబడుతుంది: చుట్టూ ఉన్న రంగు గీతలోకి పాకి దాన్ని మింగేస్తుంది. అలాంటప్పుడు ఈ ఫాంటు పేరుకే ఉంచి, అడ్రసు, ఫోన్ నంబరు మామూలు సాదా ఫాంటులో పెట్టడం మంచిది.

ఉచితంగా వచ్చేది ఒక్క మందమే, ఇటాలిక్ లేదు. సాఫ్ట్‌వేర్‌తో ఒరిగించకండి, అక్షరాల కొసల్లోని గుండ్రని చుక్కలు కోడిగుడ్లవుతాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదు.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు. పక్కన రామభద్ర అనే బొద్దు తెలుగు ఫాంటు పెడితే బరువు సరితూగుతుంది. కానీ రెండింటికీ ఫాంటు సైజు (పాయింట్లు) సమానంగా పెడితే కుదరదు, ‘అ’ ఎత్తును ఇంగ్లీషు క్యాపిటల్ ఎత్తుకి కంటితో సరిచూసుకోవాలి. కింద లైను ఉంటే వత్తులకు చోటు వదలాలి. ఇక అను ఫాంట్లలో (ఇంగ్లీషు గుర్తుల చోట తెలుగు అక్షరాలు పెట్టిన పాత తరహా ఫాంట్లు) కొట్టిన తెలుగు ఉన్న ఫైల్లో అన్నీ సెలెక్ట్ చేసి ఏబ్రిల్ పెట్టారంటే తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులవుతుంది. అందుకని తెలుగు లైన్ల ప్రూఫు చూడగానే కాపీ ఒకటి దాచుకుని, కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా) మార్చాకే ఇంగ్లీషు ఫాంటు ముట్టుకోండి.