పేరు లేని కవర్లో వచ్చే డైపర్లు కొనకండి, మా పాపకు ఏం జరిగిందో చదవండి

చంటిపిల్లలున్న వాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో వంద పీసులు 499 రూపాయలకే అని కనిపించే డైపర్లు, కవరు మీద కంపెనీ పేరు కూడా లేకుండా వచ్చేవి, దయచేసి కొనకండి. నేను కొన్నాను. ఐదున్నర నెలల మా పాప పదకొండు రోజులు పడిన బాధ కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

మేం ఉండేది గుంటూరులో. పగలంతా పాపకు మా అత్తయ్య కుట్టిన పాత నూలుచీర గుడ్డలే కడతాం, రాత్రిళ్లూ, బయటికి వెళ్లినప్పుడూ మాత్రం డైపర్. అలా వాడినా రోజుకు మూడో నాలుగో అవుతాయి. మెడికల్ షాపులో కొంటే ఒక్కోటి పది, పదకొండు రూపాయలు పడుతోంది, నెలకు వెయ్యి దాటిపోతోంది. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఆ అమ్మకందారు పేజీ కనిపించింది. ఫొటోలో మంచి రంగుల ప్యాకెట్, నవ్వుతున్న బాబు బొమ్మ, కింద వందల రివ్యూలు. పెరిగే పిల్ల కదా, ఎం సైజు అయిపోయేసరికి ఎల్ పడుతుందిలే అనుకుని ఎం రెండు, ఎల్ రెండు, మొత్తం నాలుగు వందల పీసులు ఒకేసారి ఆర్డర్ పెట్టేశాను.

వచ్చింది ఫొటోలోని ప్యాకెట్ కాదు. చెప్పుల కొట్లో ఇచ్చేలాంటి పారదర్శకపు ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద స్కెచ్ పెన్నుతో ఎం అనీ ఎల్ అనీ రాసి ఉంది, అంతే. ఎవరు తయారు చేశారో, ఎప్పుడు తయారు చేశారో, ఎమ్మార్పీ ఎంతో, ఏదీ లేదు. మా ఆయన అప్పుడే అన్నారు, తిప్పి పంపేద్దాం అని. నేనే వినలేదు, పైన కవరు ఎలా ఉంటే ఏంటి, లోపల సరుకు బాగుంటే చాలు అని ఒక కవరు చింపేశాను. ఆ తొందరే నాకు ఎక్కువ నష్టం చేసింది, ఎందుకో కింద చెప్తాను.

మొదటి రాత్రి వేశాను. తెల్లారి విప్పితే పాప తొడల మీదంతా ఉడికించిన సగ్గుబియ్యంలాంటి ముద్దలు. డైపర్ లోపల తడిని పీల్చుకునే పొడి ఉంటుంది కదా, అది నీళ్లు తగిలి జెల్ అయి, పైపొర చిరిగి బయటికి వచ్చేసింది. భయంతో పిల్లల డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఒంటికి తగిలినంత మాత్రాన ప్రమాదం లేదు, గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి, నోట్లోకీ కళ్లలోకీ మాత్రం పోనివ్వకండి అన్నారు. ఒక పీసు పాడైందేమో అనుకుని మర్నాడు ఇంకోటి వేశాను. ఈసారి జెల్ రాలేదు కానీ తొడల చుట్టూ ఎర్రగా గీతలు పడ్డాయి, తాడు కట్టి విప్పినట్టు. చిన్నదైపోయిందని ఎల్ కవరు కూడా చింపాను. అది వేస్తే కాళ్ల దగ్గర సందు ఉండిపోయి పక్కంతా తడిసింది. అప్పుడు అనుమానం వచ్చి ఎం పీసునీ ఎల్ పీసునీ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను. పొడవు రెండిటిదీ ఒక్కటే! నడుము ఎలాస్టిక్ ఒకదానిది కాస్త బిగువు, ఇంకోదానిది వదులు, తేడా అంతే. కొన్నిటికి తడి అయితే రంగు మారే గీత ఉంది, కొన్నిటికి లేదు. అంటే ఎక్కడెక్కడి సరుకో ఏరి ఒక కవర్లో పోశారని నాకు అర్థమైంది.

నాలుగో రోజుకు గజ్జల్లో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా అయింది. ఇక్కడ నేను చేసిన ఇంకో తప్పు, ఇది చాలామంది చేస్తారు, వినండి. రాత్రి తొమ్మిదింటప్పుడు మెడికల్ షాపుకు వెళ్లి డైపర్ దద్దుర్లకు ట్యూబ్ అడిగితే ఒకటి ఇచ్చారు, తెచ్చి రాసేశాను. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ ఎక్కువైంది, మడతల లోపల ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ట్యూబ్ చూసి చాలా కోప్పడ్డారు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. డైపర్ కింద మూసుకుపోయిన చర్మం మందును మామూలు కంటే ఎక్కువ పీల్చుకుంటుందట, పైగా పాపకు వచ్చింది ఫంగస్, స్టెరాయిడ్ రాస్తే అది ముదురుతుంది. ఫంగస్‌కు వేరే క్రీమ్ రాశారు, ఆ తర్వాత రోజూ వాడుకోవడానికి జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్ చెప్పారు. పౌడర్ అసలు వద్దన్నారు, పిల్లలు ఆ దుమ్ము పీలుస్తారు. అత్తయ్య మొదటి నుంచీ చెప్తున్నదే ఆవిడా చెప్పారు: రోజూ కాసేపు ఏమీ వేయకుండా గాలి తగలనివ్వండి. తగ్గడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఉచ్చ పోసుకునేటప్పుడు పాప ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

డబ్బుల సంగతి. అమ్మకందారుకు మెసేజ్ పెడితే ఒకటే సమాధానం, ఒంటికి వాడే వస్తువు, తెరిచాక వాపసు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎన్ని పీసులు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండి తీరాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తాయి, ఇది చూసుకునేది తూనికలు కొలతల శాఖ. ఇవేవీ లేని కవర్ల ఫొటోలు పంపాను. పన్నెండు రోజులకు తెరవని రెండు కవర్ల డబ్బులు వచ్చాయి. చింపినవాటికి రాలేదు. మా ఆయన మాట విని ఒక్కటీ చింపకుండా ఉంటే మొత్తం వచ్చేది.

అసలు అలా మూడు నెలల సరుకు కొనడమే తప్పు అని ఇప్పుడు తెలిసింది. పుట్టిన బరువు ఐదు నెలలకు దాదాపు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది అంటారు కదా, మొదటి నెలల్లో అంత వేగంగా పెరిగే పిల్లకు నిల్వ పెట్టి ఏం చేస్తాం? న్యూబోర్న్ సైజు ఐదు కిలోల వరకే, నెలన్నర కూడా రాదు కొందరికి, బారసాలకు బంధువులు తెచ్చినవే మిగిలిపోతాయి. సాధారణంగా ఎస్ నాలుగు నుంచి ఎనిమిది కిలోలు, ఎం ఏడు నుంచి పన్నెండు, ఎల్ తొమ్మిది నుంచి పద్నాలుగు అని ప్యాకెట్ మీద ఉంటుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అందుకే అంకెలు చదవండి, అక్షరం చూసి కొనకండి. ఇన్ని నెలల పిల్లలకు అని వయసు రాసి ఉంటే అది వదిలేయండి, పిల్ల బరువు చూసుకోండి. టీకాకు వెళ్లినప్పుడు తూస్తారు, లేదా ఇంట్లో మిషన్ ఉంటే పిల్లను ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి ఎక్కి, మొదటి అంకెలోంచి రెండోది తీసివేయండి.

బరువు సరిపోయినా ఒళ్లు వేరు. మా పాప తొడలు బొద్దు, నడుము సన్నం, ఏడున్నర కిలోలకు ఎం సరిగ్గా పడుతుంది. అదే బరువున్న మా ఆడపడుచు బాబుకు తొడల దగ్గర వదులు. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి, తొడల దగ్గర డైపర్ అంచు కుచ్చులు లోపలికి మడిచిపోకుండా బయటికి తీసి ఉండాలి, విప్పాక గీతలు కాసేపటికి పోవాలి. గీతలు ఉండిపోతున్నా, రాత్రిళ్లు వీపు వైపు కారుతున్నా సైజు మార్చే సమయం వచ్చినట్టే, ప్యాకెట్‌లో ఇంకా ఇరవై మిగిలాయని చూడకండి. కొత్త సైజుకు ముందు పది పీసుల చిన్న ప్యాకెట్ కొని చూడండి. అలాగే వస్తువులకు నాణ్యతా ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2021లో వాడిపారేసే బేబీ డైపర్లకు ఐఎస్ 17509 అనే ప్రమాణం పెట్టింది, కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆ నంబరు ఉందేమో ఒకసారి చూడండి.

ఎంత మంచిదైనా మూడు నాలుగు గంటలకు మార్చాలి, దొడ్డికి వెళ్తే వెంటనే మార్చాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే తుడవాలి.

చింపిన రెండు కవర్లలో 180 పైనే మిగిలాయి. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ వాళ్ల మనవడికి ఇమ్మని అడిగింది. ఆ బాబుకు ఎనిమిది నెలలు. జరిగింది చెప్పి, ఇవ్వలేనని అన్నాను, మెడికల్ షాపు నుంచి ఒక చిన్న ప్యాకెట్ తెచ్చి ఇచ్చాను. ఇలాంటి పేరు లేని కవరు మీకు వస్తే చింపకండి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, అదే రోజు వాపసు పెట్టండి.